నేను దిద్దిన పుస్తకం

పదకొండేళ్లుగా మోస్తున్నాను దీన్ని. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు. మీరెవరో తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నానేమో. నేను ఒకరి పుస్తకాన్ని చంపాను. ఎవరూ నన్ను అనుమానించలేదు. పైగా దండం పెట్టారు.

అప్పుడు నారాయణఖేడ్‌లో ఒక బడిలో తెలుగు పండితుణ్ణి. బడికి కొత్త పుస్తకాలొస్తే, బీరువాలో సర్దే పని నాకూ, సోషల్ చెప్పే సుశీలకూ అప్పగించారు. ఆమెది కంగ్టి వైపు పల్లె. పాతికేళ్లుంటాయి. చరిత్ర పుస్తకాలతో ఒక అర నిండింది. వ్యాకరణాలతో, నిఘంటువులతో ఇంకొకటి. పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లల కోసం పెట్టిన మూడో అరలో నాలుగే పుస్తకాలు.

"అన్ని పట్నం పిల్లల కథలే సార్. మన పిల్లలది ఒక్కటి గూడ లేదు," అంది సుశీల.

ఆ ఏడు తనే రాసింది. తల్లిదండ్రులు కూలికి వలసపోతే, అవ్వ దగ్గరుండి ఎనిమిది చదివే అమ్మాయి కథ. ఒక మధ్యాహ్నం వరండాలో ఆడపిల్లలకు చదివి వినిపిస్తుంటే చూశాను. టిఫిన్ గిన్నెలు పక్కన పెట్టేసి వింటున్నారు. గంట కొట్టినా లేవలేదు. ఒక పిల్ల కళ్లు తుడుచుకుంటూ, "గామె మా అమ్మనే మేడం," అంది.

నేనూ కవినే. నా పద్యాల పుస్తకం అదే బీరువాలో ఉంది. ఒక్క పిల్లా దాన్ని తీయలేదు. ఇరవై ఏళ్లు ఛందస్సుతో కుస్తీపట్టిన నాకు దక్కనిది, కన్నడం కలిసిన ఊరి మాటలతో ఈ అమ్మాయికి ఒక్క నోట్‌బుక్కుతో ఎలా దక్కింది? ఆ రోజు అన్నం సహించలేదు. దాన్ని అసూయ అనుకోలేదు. భాష పాడైపోతోందన్న బాధ అనుకున్నాను. నిజంగా అలా నమ్మానా? ఏమో. నమ్మితే బాగుండునని మాత్రం అనుకున్నాను.

ఎండాకాలం సెలవులకు ముందు ఆమే నోట్‌బుక్ తెచ్చి నా చేతిలో పెట్టింది. "తప్పులుంటె దిద్దుండ్రి సార్. మీకన్న తెల్సినోళ్లెవరున్నరు?"

మొదటి రాత్రే మొత్తం చదివాను. తప్పులు పదో పన్నెండో. అంతే. మిగతాదంతా ప్రాణం. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు. అదే నా నేరం. తెలియక చేసి ఉంటే మూర్ఖుణ్ణని సరిపెట్టుకునేవాణ్ణి.

నెలన్నర కూర్చుని దిద్దాను. బడి నుంచి వచ్చిన పిల్లతో అవ్వ, "ఊటైందా బిడ్డా? కడుపు వీపుకంటుకున్నది గదనే," అంటుంది. నేను దాన్ని, "భోజనము చేసితివా అమ్మాయీ? మిక్కిలి కృశించితివే," అని మార్చాను. నవ్వొస్తోంది కదూ? పుస్తకమంతా అట్లాగే మార్చాను. నా అందమైన చేతిరాతతో సాఫు ప్రతి తయారుచేశాను.

సుశీల చదివి, అవ్వ మాటలున్న పేజీ మీద వేలు పెట్టింది.

"మా అవ్వ గిట్ల మాట్లాడది గద సార్?"

"ఇంట్ల ఎట్లనన్న మాట్లాడొచ్చమ్మా. పుస్తకంల గట్ల రాస్తే చదువుకున్నోళ్లు నవ్వుతరు."

"గట్లనా సార్." తల దించుకుంది. "నా నోట్‌బుక్ ఉన్నదా?"

"చెదలు పట్టింది. పారేసిన."

చెదలు పట్టలేదు. అంతకు రెండు రోజుల ముందు పొద్దున స్నానానికి నీళ్లు కాగుతుంటే, ఒక్కో కాగితం చింపి పొయ్యిలో వేశాను. వేసే ముందు ప్రతి కాగితాన్నీ మళ్లీ చదివాను. ఎందుకు చదివాను? బాగుంది కాబట్టి చదివాను. బాగుంది కాబట్టే వేశాను.

పుస్తకం అచ్చయింది. ముందుమాటలో నాకు కృతజ్ఞతలు చెప్పుకుంది. వరండాలో విన్న పిల్లలే పోటీపడి తీసుకెళ్లి, రెండో రోజే తెచ్చి ఇచ్చేశారు. "మీరు చదివిన కథ ఇది కాదు గద మేడం?" అని ఒకమ్మాయి అడుగుతుంటే నేను అక్కడే ఉన్నాను. సుశీల ఆ పిల్ల చేతిలోంచి పుస్తకం తీసుకుని బీరువాలో పెట్టేసింది. నాకు లోపల చల్లగా అనిపించింది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. కాని అనిపించింది.

తర్వాత ఆమెకు కల్హేర్ బదిలీ అయింది. పోయిన నెల నా రిటైర్మెంటుకు శాలువా పట్టుకుని వచ్చింది. "ఏమన్న రాస్తున్నవా?" అని అడిగాను. ఎందుకడిగానో!

"లేదు సార్. నా మాట బుక్కులకు పనికిరాదని మీరు చెప్పినంక సమజైంది. మా పిల్లలకు గూడ గదే చెప్తున్న. ఇంటి మాట ఇంట్లనే ఇడిసి రాండ్రని."

చెప్పాలనే నోరు తెరిచాను. అంతలో ఫోటోకు రమ్మని ఎవరో పిలిచారు. పిలవకపోయినా చెప్పేవాణ్ణి కాదు. ఆ ఫోటోలో ఆమె నా పక్కనే నిలబడి ఉంది.

మీరు క్షమించాలని ఇది రాయడం లేదు. ఆ హక్కు మీది కాదు. ఆమెను అడిగే ధైర్యం నాకు ఇంకా రాలేదు. ఒక్క మాట మాత్రం ఇన్నేళ్లకు నా చేత్తో రాయగలుగుతున్నాను. సుశీల పుస్తకం బాగుంది. నేను ఎన్నడూ రాయలేనంత బాగుంది.