బ్రేకు అందని మేడమ్

కొత్త సీటు మీది ప్లాస్టిక్ కవరు చించగానే ఒక వాసన వస్తుంది. ఫోమూ రెక్సినూ జిగురూ కలిసిన వాసన. చెన్నై శివార్లలో నేను పనిచేసే ల్యాబులో అందరికీ అది అలవాటైపోయింది, ఎవరూ పట్టించుకోరు. నాకు మాత్రం ఇప్పటికీ ముక్కు దగ్గర ఒక్క క్షణం ఆగుతుంది. దానికి కాస్త పౌడరు, కాస్త కొబ్బరినూనె కలిస్తే అచ్చం నందిగామలో ఎస్తేరు రాణి గారి కారే. ఆ కారులో ఎక్కిన ఆడవాళ్లందరి జడలూ ఆనుకుని సీటు పైభాగం నున్నగా మెరిసేది.

నేను కార్లకి సీట్లు డిజైన్ చేస్తాను. ఆ మాట చెప్పగానే చాలామంది "సీటు కవర్లు కుడతారా?" అంటారు. వాళ్లని తప్పు పట్టను. ఇలాంటి ఉద్యోగం ఒకటి ఉంటుందని ఇంటర్ చదివే రోజుల్లో నాకూ తెలియదు. తెలిసేలా చేసింది ఎస్తేరు రాణి గారు. నిజానికి అప్పటికి ఆవిడకీ తెలియదు.

మాది జగ్గయ్యపేట. నాన్న వత్సవాయిలో ఒక రైతు దగ్గర ట్రాక్టరు నడిపేవాడు. నేను రోజూ బస్సులో నందిగామ వెళ్లి చదువుకునేదాన్ని. నాకు కార్లంటే పిచ్చి. హైవే మీద దూరంగా లైట్లు కనబడితే చాలు, వచ్చేది ఏ కారో చెప్పేసేదాన్ని. సాయంత్రం బస్సు కోసం నిలబడే చోట, రోడ్డుకి అవతల ఒక డ్రైవింగ్ స్కూలు వాళ్ల రేకుల గది, దాని ముందు ఎల్ బోర్డు తగిలించిన చిన్న ఎర్ర కారు ఉండేవి. దాని చుట్టూ తిరుగుతూ బస్సులు వదిలేసుకునేదాన్ని. ఒకరోజు గదిలోంచి ఒక పొట్టి ఆవిడ బయటికొచ్చారు, ఆవిడే ఎస్తేరు రాణి గారు.

"ఏమ్మాయ్, కొంటావా ఏంటి?"

"కాదండి, నేర్చుకుందామని."

"వయసెంత?"

"పదహారండి."

"పద్దెనిమిది నిండాక రా, స్టీరింగు ఇస్తా. ఈలోపు చూడాలనుంటే వెనక సీట్లో కూచో. నోరు మాత్రం తెరవకు."

ఆ డ్రైవింగ్ స్కూలు పెట్టింది ఆవిడ భర్త. ఆయన దగ్గర నేర్చుకోవడానికి ఆడవాళ్లు మొహమాటపడుతుంటే, నువ్వు నేర్చుకుని వాళ్లకి నేర్పు అన్నారట. కొన్నాళ్లకి మగవాళ్లు కూడా "మేడమ్ అయితే తిట్టరండి" అని ఆవిడనే అడగడం మొదలుపెట్టారు. పాపం ఆయన ఆఫీసులో కూచుని ఫోన్లెత్తుకుంటూ ఉండేవారు. తిట్టరన్నది నిజం కాదు. నవ్వు ఆపుకోలేనట్టు తిట్టేవారు, అంతే. క్లచ్చు ఒక్కసారిగా వదిలేసి కారుని ఎగిరించిన ఒక స్కూలు టీచరుతో, "అట్టా కాదమ్మా, నిద్రపోతున్న చంటిపిల్ల తల కింద నుంచి చెయ్యి తీసుకుంటావే, అట్టా తియ్యి కాలు" అన్నారు. ఆ టీచరు రెండోసారి కారుని నీళ్లలా కదిలించింది. వెనక సీట్లో నేను నోరు తెరవకుండానే చప్పట్లు కొట్టా.

ఎస్తేరు రాణి గారికి ఒక చిక్కుండేది. ఆవిడ ఐదడుగులు కూడా ఉండరు. నేర్పేటప్పుడు ఎడమవైపు కూచునేవారు, అక్కడ ఆవిడ కోసం వేరే బ్రేకు బిగించి ఉండేది, పైగా దాన్ని పొడుగు చేయించుకున్నారు. తాను నడపాల్సి వచ్చినప్పుడే తంటా. కింద ఒక దిండు, వీపు వెనక ఒక దిండు పెట్టుకుంటే తప్ప రోడ్డూ కనపడదు, బ్రేకూ అందదు. నేర్చుకోవడానికొచ్చే ఆడవాళ్లలో సగం మందిదీ అదే కొలత. అందరికీ ఆ రెండు దిళ్లే.

ఒక సాయంత్రం వీరులపాడు నుంచి వచ్చే నర్సు ఒకావిడ నడుపుతోంది. మలుపులో కింది దిండు జారింది. ఆవిడ కూడా దాంతోపాటే జారింది. కారు తిన్నగా చెరుకురసం బండి మీదికి బయల్దేరింది. మేడమ్ బ్రేకు తొక్కడంతో జానెడు దూరంలో ఆగాం. చెరుకురసం ఆయన భయపడటం మాని, "ఎన్ని గ్లాసులండీ?" అని అడిగాడు. మేడమ్ నలుగురికీ చెప్పారు, ఆయనతో సహా. తాగుతూ సీటు వంక గుర్రుగా చూశారు.

"ఈ సీటు చేసినోడి ఇంట్లో ఆడవాళ్లు లేరనుకుంటా!"

అందరం నవ్వాం. నవ్వు ఆగాక నేను నోరు తెరిచా. "సీటు ఇంత ఎత్తుండాలని ఎవరు చెప్తారు మేడమ్? అది కూడా ఒక ఉద్యోగమా?"

ఇంకొకరైతే పిచ్చి ప్రశ్నలు వెయ్యకు అనేవారు. ఆవిడ, "నాకు తెలీదు. కనుక్కుందాం" అన్నారు.

నిజంగానే కనుక్కున్నారు. ఆ తర్వాత కారెక్కిన ప్రతివాళ్లనీ అడిగారు. గేరు మార్చడానికే చెమటలు పట్టే మనుషుల్ని, "మీ చుట్టాల్లో కార్ల కంపెనీలో పనిచేసేవాళ్లెవరైనా ఉన్నారాండీ?" అని అడిగితే ఎలా ఉంటుంది! చివరికి ఒక లెక్చరర్ గారి తమ్ముడు దొరికాడు. వాహనాల డిజైన్ అనే చదువు ఉందనీ, దానికి ప్రవేశ పరీక్ష ఉంటుందనీ, బొమ్మలు వెయ్యడం రావాలనీ ఫోనులో చెప్పాడు. నాకు అప్పటిదాకా కార్లంటే రెండే దారులు తెలుసు, నడపడం, బాగుచెయ్యడం.

నాన్నకీ ఆ రెండే తెలుసు. నన్ను నర్సింగుకి పంపాలని ఆయన ఆశ. నేను సంగతి చెప్పిన రోజు కంచం ముందు కూచుని చాలాసేపు అన్నం కలుపుతూ ఉండిపోయాడు.

"బండ్ల పిచ్చి నాతో పోనీ అమ్మా" అన్నాడు. "వయసంతా ట్రాక్టరు మీదే పోయింది. నడుం చూడు, వంగితే లేవలేను, లేస్తే వంగలేను. నువ్వు కూడా షెడ్డులో గ్రీజు పూసుకుంటావా?"

షెడ్డు కాదు నాన్నా అని చెప్పాలనుకున్నా. మరి ఏమిటో చెప్పడానికి నేను చూసింది ఏమీ లేదు. ఏడుపొచ్చింది. మర్నాడు మేడమ్‌కి చెబితే, "చెప్తే ఎట్టా తెలుస్తుంది? చూపించాలి" అన్నారు.

ఆ శనివారం ఎర్ర కారు మా ఇంటి ముందు ఆగింది. "అన్నయ్యా, ముందు సీట్లో కూచోండి, బెజవాడ ఆటోనగర్ పోదాం" అన్నారు. కారు నడుపుతున్న ఆడమనిషి పక్కన నాన్న కూచోవడం అదే మొదటిసారి. కంచికచర్ల దాటేదాకా పైనున్న పిడిని వదల్లేదు. ఒక లారీని దాటేటప్పుడు కళ్లు కూడా మూసుకున్నాడు. "నేను తెరిచే ఉంచాన్లే అన్నయ్యా" అన్నారు మేడమ్.

ఆటోనగర్‌లో ఆ రోజు మేం చూసినవన్నీ చెప్పలేను. దెబ్బతిన్న కారు చుట్టూ తిరుగుతూ ఫోటోలు తీస్తున్న ఇన్సూరెన్సు సర్వేయరు, షాపతనితో వాదిస్తున్నాడు. ఇంకోచోట ఒకతను పాత కారు రంగుకి సరిపోయే రంగు కలుపుతూ, ఎండలోకి వెళ్లి చూసుకుని, తల అడ్డంగా ఊపి మళ్లీ మొదలుపెడుతున్నాడు. నాన్న అతని దగ్గర ఆగి, రంగు కుదిరేదాకా కదల్లేదు. చివరికి బస్సుల బాడీ కట్టే ఒక పెద్ద షెడ్డుకి వెళ్లాం. లోపల ఏసీ గదిలో ఒకావిడ కంప్యూటర్లో బస్సు గీస్తోంది. డ్రైవరు సీటు ఎక్కడుండాలి, స్టీరింగుకి ఎంత దూరం, కాలు ఎంత చాపాలి, అన్నీ. బయట బిగించి చూస్తున్న సీటు ఒకటి ఉంటే నాన్నని కూచోమంది.

నాన్న చెప్పులు విడిచి ఎక్కి కూచున్నాడు. వీపు వెనక చెయ్యి పెట్టి తడుముకున్నాడు.

"ఇక్కడ నడుం దగ్గర ఆనుతోందమ్మా" అన్నాడు, ఆశ్చర్యంగా. "ట్రాక్టరుకి ఇట్టా ఎందుకు చెయ్యరు?"

ఆవిడ కాస్త ఇబ్బందిగా, "మమ్మల్ని ఎవరూ అడగలేదండి" అంది.

తిరుగు ప్రయాణంలో నాన్న పిడి పట్టుకోలేదు. నందిగామ దగ్గరపడుతుండగా, ఎవర్నీ చూడకుండా, "ఆ చదువు ఏ ఊళ్లో ఉంటుంది మేడం గారూ?" అని అడిగాడు. వెనక సీట్లో నేను కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నా.

మొదటిసారి పరీక్ష పోయింది. నేను గీసిన కార్లు బాగానే ఉండేవి, వాటిలో కూచున్న మనుషులు బస్తాల్లా ఉండేవాళ్లు. మొహం వేలాడేసుకుని వెళితే మేడమ్ తాళం చేతిలో పెట్టారు. "పోతే పోయింది. పద్దెనిమిది నిండాయిగా, ఎక్కు!" ఆ ఏడాది నా జీవితంలో అన్నిటికన్నా సరదాగా గడిచింది. ముక్త్యాల రోడ్డు మీద సిమెంటు లారీల మధ్య డ్రైవింగ్ నేర్చుకున్నా. మిగతా టైములో స్కూలుకొచ్చే మనుషులు ఎలా కూచుంటారో, ఎలా దిగుతారో చూసి గీస్తూ ఉన్నా. లావాటివాళ్లు, గర్భిణులు, మోకాళ్ల నొప్పులవాళ్లు. మరుసటేడు బొమ్మల్లో మనుషులు మనుషుల్లా వచ్చారు. సీటూ వచ్చింది.

ఉద్యోగంలో చేరిన కొన్నేళ్లకి, బంధువుల పెళ్లికి చెన్నై వచ్చిన మేడమ్‌ని పర్మిషన్ తీసుకుని మా ల్యాబుకి తీసుకెళ్లా. జుట్టు నెరిసింది గానీ నడకలో విసురు తగ్గలేదు. మేం తయారుచేస్తున్న సీటులో కూచోబెట్టి, మా ఇంజినీర్లందరి ముందు, "ఎలా ఉంది మేడమ్, బాగుందా?" అని అడిగా.

"చాలా బాగుంది!" అన్నారు. అందరం సంతోషపడ్డాం. బయట కాఫీ తాగుతూ మెల్లగా అన్నారు, "తొడల కింద కోసుకుంటోందే సలోమీ."

"మరి లోపల చెప్పలేదేం?"

"ఇంతమంది కష్టపడి చేసి బాగుందా అనడిగితే, బాగుందనక ఏమంటారే ఎవరైనా? ఎక్కడ ఇబ్బందిగా ఉందో అడగాలి."

ఆ సీటు ముందు అంచు మార్చాం. ఆ రోజు నుంచి నేను ఎవర్నీ బాగుందా అని అడగలేదు.

మొన్న జగ్గయ్యపేటలో ఒక హైస్కూలు వాళ్లు పిల్లలతో మాట్లాడమని పిలిచారు. కార్లంటే ఎవరికిష్టం అంటే గదిలో చేతులన్నీ లేచాయి. పెద్దయ్యాక ఏమవుతారని అడగలేదు. కారులో మీకు ఏది నచ్చదో చెప్పమన్నా. ఒకడు లేచి, "ఏసీ వేస్తే వాంతొచ్చుద్దండి" అన్నాడు. గదంతా నవ్వింది. కారు లోపలి వాసనల మీద పనిచేసేవాళ్లు ఉంటారని చెబితే వాడు నమ్మలేదు. "వాసన చూస్తే జీతమిస్తారాండీ?" అని రెండుసార్లు అడిగాడు. హారన్ శబ్దం నచ్చదన్న పిల్లకి శబ్దాల ల్యాబుల గురించి చెప్పా.

ఆఖరి బెంచీలో ఒకమ్మాయి అందరి తర్వాత లేచింది. వాళ్లమ్మకి కుడిచెయ్యి పనిచెయ్యదట, సీటుబెల్టు తనే పెట్టుకోవడం కుదరదట. "ఎప్పుడూ నేనే పెడతానండి. నేను లేనప్పుడు పెట్టుకోదు."

"నాకు తెలీదమ్మా. కనుక్కుందాం. మీ అమ్మతో మాట్లాడొచ్చా?" అన్నా.

"మాట్లాడొచ్చండి. కానీ అడిగితే ఏం ఇబ్బంది లేదంటది."

"ఒకసారి ఆవిడ పక్కన కూచుని కారులో ఊరంతా తిరుగుతా. నువ్వు మాత్రం బెల్టు పెట్టకు, ఆవిణ్నే పెట్టుకోనియ్యి. నేను చూస్తా."

"ఆదివారం చర్చి అయ్యాక రండి" అంది ఆ పిల్ల.