కోటయ్య మామ కట్టిన గోడ

సున్నం నీళ్లలో పడగానే లేచే వాసన ఒకటుంది; కాస్త వేడిగా, కాస్త ఘాటుగా, ముక్కు లోపల పొడిపొడిగా తగిలే వాసన. నెల రోజులుగా మా వసారాలో పాత గంగాళం నిండా సున్నం నానుతోంది. నరసరావుపేటలో గోడకు గోడ ఆనుకుని వరసగా కట్టిన నాలుగిళ్లలో మాది రెండోది. వీధివైపు ముందుగోడ సిమెంటు పూత ఉబ్బి, చవుడెక్కి, పెచ్చులు పెచ్చులుగా రాలుతుంటే, చూడటానికొచ్చిన మేస్త్రి "పైనుంచి టైల్స్ అంటిద్దామమ్మా, రెండ్రోజుల పని" అన్నాడు. నేను వద్దన్నాను. ఆ పూత కింద చిన్నప్పుడు నా చేతులతో ఏరిన ఎర్రటి ఇటుకలున్నాయి. వాటిని మళ్లీ వెలుగులోకి తేవాలని ఉలీ సుత్తీ కొనుక్కుని, తెల్లవారుజామున ఫజర్ నమాజు అయ్యాక ఎండ ముదిరేదాకా, రోజుకు కాస్త చొప్పున నేనే పూత ఒలవసాగాను.

నేను బడికి పోలేదు. అమ్మకు ఉబ్బసం, ఇంట్లో ఒక మనిషి తోడుండాలి. అందుకని అమ్మ దగ్గర ఖురాను, దూదేకి పరుపులు కుట్టే నాయన దగ్గర తెలుగు అక్షరాలు, పక్కింటి కోటయ్య మామ దగ్గర మిగిలిన లోకమంతా నేర్చుకున్నాను. మామ మాకు చుట్టం కాదు, తాపీమేస్త్రి. కానీ రంజాన్‌కు అమ్మ కాచిన సేమియా గిన్నె పెరటి పిట్టగోడ మీదుగా అటు పోవడం, ఉగాదికి ఆయన భార్య ఆదెమ్మత్త చేసిన బొబ్బట్లు నెయ్యి కారుతూ ఇటు రావడం నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఉన్నదే. ఎండాకాలం మధ్యాహ్నాలు, వీధంతా తడిపిన వట్టివేళ్ల వాసనతో మగతగా పడి ఉన్న వేళ, ఆయన అరుగు మీద నేను చింతగింజలతో వామనగుంటలు ఆడుతుంటే, ఆయన గోడ నిలువు చూసే తూకంగుండు దారం చిక్కులు తీసుకుంటూ, గోడ వంకర కంటికి ఎలా దొరుకుతుందో, కరక్కాయ నీళ్లు సున్నానికి ఏం చేస్తాయో చెబుతూ ఉండేవాడు.

ఒక ఏడు ముసురు పట్టి మా రెండిళ్ల మట్టి ముందుగోడలూ కూలిపోయాయి. నాయన మా గోడకు మాచవరం వైపు బట్టీ నుంచి ఇటుకలు తోలించాడు. ఎడ్లబండి ఇంటి ముందు ఆగినప్పుడల్లా మామ నన్ను కుప్ప పక్కన కూచోబెట్టేవాడు. ఇటుకకు ఇటుక తగిలిస్తే బాగా కాలినది కంగుమంటుంది, సగం కాలినది దబ్బుమంటుంది. ఆ తేడా పట్టడం నా పని.

"ఏమే బీబీ, ఇదేమంటంది?"

"పాడతంది మామా."

"అయితే అది మీ గోడకి. ఏడిసేదాన్ని అవతల పారెయ్. బట్టీవోడి మొహాన కొడదాం."

అరచేతులు ఎర్రగా కమిలేదాకా వారం రోజులు ఏరాను. ఏ పిల్లకూ అంతటి పెద్దరికం దక్కలేదనుకున్నాను.

మామ ఆ రెండు గోడలూ లేపేటప్పుడు మేము ఊళ్లో లేము. చిలకలూరిపేటలో పెదనాన్న కూతురి నిఖాకు పోయి, అక్కడే పరుపుల పని దొరికితే నెలరోజులు ఉండిపోయాం. తిరిగొచ్చేసరికి మా గోడ సిద్ధంగా ఉంది: నిండా ఎర్రమట్టి జాజు పూసి, ఇటుకల సందుల వెంట సున్నంతో తెల్లటి గీతలు గీసి, పెళ్లికూతురిలా. వెళ్లి దానికి చెంప ఆనించాను. మేమొచ్చాక పడ్డ మొదటి వానకు ఆ జాజు కరిగి కాలవలో ఎర్రనీళ్లు పారితే పిల్లలమంతా కాగితం పడవలు వదిలాం. నాయన అరుగు మీద తడుస్తూనే నిలబడి గోడవైపు చాలాసేపు చూశాడు. మా ఆట చూసి మురుస్తున్నాడనుకున్నాను.

నా నిఖా కుదిరినప్పుడు మామ తాపీ పట్టుకొచ్చి, గోడంతా సిమెంటుతో నున్నగా పూసి, కూలి తీసుకోలేదు. "మేనకోడలికి మామ పెట్టే చీర అనుకోవే" అన్నాడు. ఆయన పోయి చాలా ఏళ్లయింది; నాయనా పోయాక ఈ ఇల్లు నాకు మిగిలింది. ఆ పూత నాటి నుంచి ఇప్పటిదాకా, అల్లాకు షుక్రు చెప్పుకునేటప్పుడు నా మీద దయ చూపినవాళ్ల పేర్లలో కోటయ్య మామ పేరు తప్పిపోయిన పూట లేదు.

మూడో రోజు పూత పెద్ద పలకలా ఊడి పడింది. కింద పసుప్పచ్చటి, ముట్టుకుంటే పిండిలా రాలే ఇటుకలు. సుత్తి పిడితో తట్టాను. దబ్బుమంది. పక్కది తట్టాను. మోకాళ్ల మీద జరుగుతూ గోడ పొడుగునా తట్టుకుంటూ పోయాను. అన్నీ అదే మాట. మా గోడ అయిపోయి మామ వాళ్ల గోడ మొదలయ్యే చోట, పూతే ఎరగక ఇన్నేళ్లూ ఎర్రగా నిలబడి ఉన్న ఆ గోడ మీద, అదే పిడితో తట్టాను. కంగుమంది.

ఆదెమ్మత్త తన మెట్ల మీద చింతపండు గింజలు తీస్తోంది.

"ఏందే, అట్టా కొయ్యబారిపోయావు?"

"అత్తా, మీ గోడలో ఉన్నవి మా ఇటుకలా?"

ఆమె చెయ్యి ఆగింది. "ఇన్నాళ్లకు అడిగావా! మీ నాయన మొదటి వానకే అడిగాడు."

"నాయనకు తెలుసా?"

"తెలవకేం? మీ మామ కాళ్ల మీద పడబోతే లేవదీశాడు. పిల్ల నీ వెంట మామా మామా అని తిరగతంది, దానికి మాత్రం తెలవనీయబాక అన్నాడు. నీ పెళ్లికి ఆ సిమెంటు తెప్పించింది కూడా మీ నాయనే. ఈయన పూశాడంతే. ఆ రోజు నువ్వు ఎంత మురిశావే, మేం చానా నవ్వుకున్నాం."

నవ్వుకున్నారు. ఇటుకలు పోయినందుకు నాకు అంత బాధ లేదు. మామకూ గోడ కూలింది, పైగా వానాకాలం. కానీ నేను ఎవరికి, దేనికి, ఎంత కృతజ్ఞత చెప్పుకోవాలో నన్ను పక్కన పెట్టి వాళ్లంతా మాట్లాడుకున్నారు. నేను నమాజు చాప మీద కూర్చుని కన్నీళ్లతో చెప్పుకున్నది, పక్కింట్లో అందరికీ తెలిసిన అబద్ధం.

పని ఆపలేదు. ఊరి చివర కూల్చేస్తున్న పాత మిద్దె నుంచి ఇటుకలు తెచ్చుకుని, ఒక్కొక్కటీ తట్టి చూసుకుని, మరీ పిండైపోయినవి ఊడదీసి ఆ చోట్ల పెట్టాను. సందులు సున్నంతో నింపాను. ఇప్పుడు సున్నం నూరే గానుగలు లేవు, సున్నం సంచుల్లో వస్తోంది. వరసలో మిగతా రెండిళ్లకూ మెరిసే టైల్స్ వచ్చేశాయి. ఇటుకను మోగించి కొనే మనిషి ఈ వీధిలో నేనొక్కదాన్నే మిగిలాను.

నిన్న ఆఖరి సందు నింపి, చేతులు కడుక్కుని, పొద్దుగూకాక మగ్రిబ్ నమాజు చేసి, అల్లాను వేడుకునే దువాకు చేతులెత్తాను. కోటయ్య మామ పేరును షుక్రు చెప్పే పేర్లలోంచి తీసి, క్షమించమని అడిగే పేర్లలో చేర్చాను. అది కష్టమనిపించలేదు. ఆ తర్వాత నాయన పేరు వచ్చింది. ఏ పేర్లలో చేర్చాలో తెలియక, చేతులు అలాగే ఎత్తి, చీకటి పడేదాకా కూర్చున్నాను.