తాళం చూసి రాసిన రిపోర్టు

మొన్న ఫోనులో మనవలు మీరిద్దరూ అడిగారు కదా, జేజీ, నువ్వు పనిచేసిన హోమ్‌కి బోర్డు ఎందుకు లేదు అని. ఫోటోలో ఎత్తు గోడ, నీలం గేటు తప్ప ఏమీ కనపడలేదన్నారు. బోర్డు ఉంటే లోపలున్న పిల్లలు ఎవరో దారిన పోయేవాళ్ళందరికీ తెలిసిపోతుంది నాన్నా. అందుకే పెట్టం. మీరు కాలేజీకి వచ్చారు కాబట్టి మిగతాది కూడా చెప్పొచ్చు అనిపించింది.

అది 2017. కడపలో ఆ హోమ్‌లో నేను కేస్ వర్కర్‌ని. పని ఇప్పిస్తామని ఎవరో తీసుకుపోయి, ఊరుగాని ఊళ్ళో వ్యభిచారపు ఇళ్ళకు అమ్మేసిన ఆడపిల్లలను పోలీసులు విడిపించాక మా దగ్గరికి పంపేవారు. అందరూ పద్దెనిమిదేళ్ళ లోపు వాళ్ళే. వాళ్ళ తిండి, నిద్ర, మందులు, చదువు చూసేవాళ్ళు వేరే ఉండేవారు. కేస్ వర్కర్ పని పిల్ల ఇంటిని వెతకడం. దాన్ని హోమ్ విజిట్ అంటాం. ఆ ఇంటికి పోయి, పిల్లను మళ్ళీ అక్కడికి పంపితే క్షేమంగా ఉంటుందా లేదా చూసి రిపోర్టు రాయాలి. ఎందుకంటే అమ్మినవాళ్ళు ఒక్కోసారి ఇంట్లోవాళ్ళే అయి ఉంటారు. ఆ రిపోర్టు చూసి ఏం చేయాలో చెప్పేది పిల్లల సంక్షేమ కమిటీ.

ఈ పిల్లను రేణుక అంటాను. అసలు పేరు అది కాదు. పదిహేనేళ్ళు, పత్తికొండ దగ్గర పల్లె. బట్టల కంపెనీలో పని అని చెప్పి ఒకామె తీసుకుపోయింది. అక్కడ ఏం జరిగిందో రేణుక చెప్పాల్సిన చోట చెప్పింది. నేను ఇక్కడ చెప్పను. మా దగ్గరికి వచ్చిన మొదటి నెలంతా గోడవైపు తిరిగి పడుకునేది. తలుపు మూస్తే లేచి కూర్చునేది, అందుకని ఆ గది తలుపు తీసే ఉంచేవాళ్ళం. అడిగేది ఒక్కటే, వాళ్ళమ్మకు కబురు చెప్పామా అని. గుర్తున్న నంబరుకు ఎన్నిసార్లు చేసినా పనిచేయడం లేదనే వచ్చేది.

జనవరి చివర్లో నేను వాళ్ళ ఊరికి పోయాను. ఇలాంటి విజిట్‌లో మేం ఊరికి నిజం చెప్పం. పిల్ల ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే తను మళ్ళీ ఆ వీధిలో తలెత్తుకుని నడవలేదు. చేతిలో రిజిస్టరు పట్టుకుని, బడి మానేసిన పిల్లల సర్వే అని చెప్పాను. రేణుక తల్లి సుంకమ్మ ఇంటికి తాళం వేసి ఉంది. పక్కింటామె అరుగు మీద కందులు చెరుగుతోంది. సుంకమ్మ వాళ్ళు ఎక్కడ అని అడిగితే నా రిజిస్టరును, నా చెప్పులను ఒకసారి చూసింది.

"వాళ్ళు ఊరిడిసి పోయినారమ్మా. ఇంగ రారు."

"యాడికి పోయినారు?"

"ఏమో, మాకేం తెల్సు. సంసారం ఎత్తుకోని పోయినారు."

ఇంకో ఇద్దరిని అడిగినా అదే మాట. రిపోర్టులో అదే రాశాను. ఇంటికి తాళం, కుటుంబం ఊరు వదిలి వెళ్ళిపోయింది, ఆచూకీ తెలియదు. సంతకం పెట్టాను. రేణుకకు కూడా మెల్లగా అదే చెప్పాను. ఆ పిల్ల తలూపింది. వాళ్ళమ్మ గురించి అడగడం ఆ రోజుతో మానేసింది.

తర్వాత ఆరు నెలల్లో రేణుక కొంచెం కొంచెంగా కోలుకుంది. ఓపెన్ స్కూల్లో పదో తరగతికి పేరు రాయించాం. లెక్కలు బాగా చేసేది. గోడవైపు కాకుండా ఇటు తిరిగి పడుకోవడం మొదలుపెట్టింది. కానీ ఆదివారం మిగతా పిల్లలకు ఇళ్ళ నుంచి ఫోన్లు వచ్చే గంటలో పెరట్లోకి పోయి బట్టలు ఉతికేది, ఉతికినవే మళ్ళీ.

ఆగస్టులో కమిటీ ముందుకు ఒక ఆలోచన వచ్చింది. ఇల్లు లేని పిల్ల కాబట్టి వేరే జిల్లాలో ఇంకో హోమ్‌కి పంపుదాం, పద్దెనిమిది నిండేదాకా అక్కడే ఉంటుంది అని. పిల్ల అభిప్రాయం కూడా రాయాలి. నేనూ రేణుకా మెట్ల మీద కూర్చున్నాం. కమిటీ కాగితంలో ఉన్నది చదివి వినిపించాను. ఇక ఆ ఊరు చూడదేమో పాపం అని, నేను చూసినవన్నీ కూడా చెప్పాను. వీధి కొసన బోరింగు, ఇంటి ముందు అరుగు, తాళం, పెరట్లో ముళ్ళకంప కప్పిన జొన్న చొప్ప.

రేణుక నావైపు తిరిగింది. "చొప్ప ఉండెనా మేడం?"

"ఉండింది."

"మేకలు తినకుండా కంప కప్పినారా?"

"అవును."

"ఊరిడిసి పొయ్యేటోళ్ళు చొప్ప అమ్ముకోని పోతారు గాని, కంప కప్పి పోతారా? మావోళ్ళు సుగ్గికి పోయింటారు మేడం. ఏటా పోతారు, ఉగాదికి వస్తారు."

సుగ్గి అంటే పనికోసం వలస పోవడం. ఆ పక్క పల్లెల వాళ్ళు మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు పోతారు. నేను వేంపల్లెలో సేద్యం చేసేవాళ్ళ ఇంట్లో పుట్టాను. మా నాయన చొప్పకు కంప కప్పడం ఎన్నిసార్లు చూశానో. ఆ రోజు తాళమూ చూశాను, చొప్పా చూశాను. తాళం ఒక్కటే రాశాను.

మరుసటి రోజే బయలుదేరాను. సుంకమ్మ ఊరి బయట వేరుశనగ చేలో కలుపు తీస్తోంది. పక్కింటామె కూడా అక్కడే ఉంది, చూడగానే గుర్తుపట్టింది.

"ఆ పొద్దు బడి సర్వే అంటివి. ఈ పొద్దు ఏం సర్వేమ్మా, కలుపు సర్వేనా?" అంది. ఆడవాళ్ళందరూ నవ్వారు.

నవ్వాక తనే చెప్పింది. సుంకమ్మ చిన్న పాపను బడి మాన్పించి సుగ్గికి వెంట తీసుకుపోయిందట. అలాంటివాళ్ళ కోసం ఆఫీసర్లు వచ్చి అరుస్తారని, నన్ను చూసి అలా అనిందట. రేణుకను కాపాడాలని నేనొక అబద్ధం చెప్పాను. సుంకమ్మను కాపాడాలని ఆమె ఇంకొకటి చెప్పింది. రెండింటి మధ్య ఆ పిల్ల ఆరు నెలలు ఇరుక్కుపోయింది.

సుంకమ్మను గట్టు అవతలికి తీసుకుపోయి, రేణుకను అమ్మేశారనీ, ఇప్పుడు మా దగ్గర క్షేమంగా ఉందనీ చెప్పాను. మిరప చేలో ఫోను పోగొట్టుకుందట. కూతురు కంపెనీలోనే ఉందనుకుని, ఉగాదికి తిరిగొచ్చాక కబురు తెలుసుకోవడానికి ఆ తీసుకుపోయినామె ఇంటికి మూడుసార్లు పోయిందట. అక్కడ ఎవరూ లేరు. సుంకమ్మ ఏడవలేదు. చేతిలో కలుపు అట్లే పట్టుకుని నిలబడింది.

"నేనే పంపితిని గదమ్మా," అంది. "నా మొగం చూస్తాదా?"

నాకు తెలియదన్నాను. నిజంగానే తెలియదు.

పోలీసులు విచారించి, ఈ అమ్మకంలో ఇంట్లోవాళ్ళ చెయ్యి లేదని తేల్చారు. నేను ఇంకో రెండుసార్లు పోయి మళ్ళీ రిపోర్టు రాశాను. తల్లిని కడపకు పిలిపించాం. ఏం జరిగిందని అడగొద్దు, ఆ పిల్ల చెప్పాలనుకున్న రోజు వినండి అని ముందే చెప్పాను. ఆఫీసు గదిలో ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. ముందు రేణుకే అడిగింది.

"ఎనుము ఈనిందా మా?"

"ఈనింది. పెయ్యదూడ."

"ఎవురు పితుకుతాండారు?"

"నేనే. నాకు సరిగ్గా ఇయ్యదు."

"నువ్వు గట్టిగా లాగుతావు గదా. అది బెదురుకుంటాది."

అప్పుడు సుంకమ్మ ఏడ్చింది. రేణుక దగ్గరికి పోయి ఆమె భుజం పట్టుకుంది.

కమిటీ ఉత్తర్వు ఇచ్చాక అక్టోబరులో రేణుక ఇంటికి పోయింది. అంతటితో అన్నీ చక్కబడ్డాయని కాదు. ఊళ్ళో ఎవరో ఏదో అన్నారని కొన్ని వారాలు గడప దాటలేదు. రెండేళ్ళ పాటు నెలనెలా పోయి చూసి వచ్చేదాన్ని. పది పాసయ్యింది, తర్వాత ఇంటర్, ఆ తర్వాత ట్రైనింగు. ఇప్పుడు కర్నూల్లో డయాలసిస్ టెక్నీషియన్.

ఆ కేసు తర్వాత నా రిపోర్టు రాసే పద్ధతి మారింది. కళ్ళతో చూసింది ఒక పేజీలో, జనం చెప్పింది ఇంకో పేజీలో రాసేదాన్ని. సంతకం పెట్టే ముందు రెండూ పిల్లకు చదివి వినిపించేదాన్ని. ఆ ఇల్లు నాకంటే వాళ్ళకే బాగా తెలుసు. నా తర్వాత వచ్చిన అమ్మాయిలకూ అదే నేర్పాను.

నాకు తెలియకుండా మిగిలిపోయింది ఒకటి ఉంది. ఏటా ఉగాదికి వాళ్ళమ్మ తిరిగొస్తుందని రేణుకకు తెలుసు. ఇక రారని నేను చెప్పినప్పుడు ఎందుకు కాదనలేదు? నా మాట నమ్మేసిందా? లేక అమ్మ వచ్చే ఉంటుందని తెలిసి కూడా, ఆమె ముందుకు ఎట్లా పోవాలో తెలియక ఊరుకుందా? ఒకసారి అడిగితే నవ్వి, టీ పెడతానని లేచి లోపలికి పోయింది. పోయిన నెల ఫోనులో మళ్ళీ అడిగాను. "మిషను మోగుతాంది మేడం, మళ్ళా చేస్తా" అంది.

మళ్ళీ చేసింది కూడా. నా మోకాళ్ళ నొప్పి ఎట్లా ఉందని అడిగింది.