కేబుల్ చివరి రెసిస్టర్

ఎనభైల మొదట్లో మదనపల్లెలో, పట్టుదారానికి పురి పెట్టే మెషిన్ల కోసం చుట్లు లెక్కపెట్టే కౌంటర్లు తయారుచేసే చిన్న వర్క్‌షాపులో పనిచేసేవాణ్ణి. పనివాళ్లం ఇద్దరమే. రెండో అతను పుంగనూరు నుంచి రోజూ బస్సులో వచ్చేవాడు. వాళ్లమ్మ కట్టిచ్చిన సంగటిలో సగం నాదే. ఊళ్లో నాకు వేరే స్నేహితులు లేరు, కావాలనీ అనిపించలేదు.

కరెంటు నిలకడగా ఉండదని పల్స్ జనరేటర్‌ను స్టెబిలైజర్ ఉన్న ముందు గదిలో పెట్టుకున్నాం. అక్కణ్ణించి పొడవాటి కేబుల్ లాగి, వెనక గదిలో పరీక్షించే కౌంటర్ చిప్‌కు క్లాక్ పల్సులు ఇచ్చేవాళ్లం. వంద పల్సులు పంపితే చిప్ నూటపదో నూటఇరవయ్యో లెక్కపెట్టేది. ఒకరోజు అతను కేబుల్ చివర, చిప్ పక్కన, యాభై ఓముల రెసిస్టర్ అతికించాడు. దాంతో కౌంటర్ మొత్తానికే ఆగిపోయింది. కొలిచి చూస్తే అయిదు వోల్టులు రెండున్నరకు పడిపోయాయి, అది చిప్‌కు చాలదు. నాకు ఒళ్లు మండింది.

"ఉండే సిగ్నల్‌ను సగం మింగేసినావు గదప్పా. నీ సోల్డరింగే సరిగా లేదు, దానికి తోడు ఇదొకటా?" అని, యజమాని ఎదురుగానే రెసిస్టర్ పీకి పారేశాను.

అతను నెల తిరక్కుండానే కుప్పంలో ఒక రేడియో రిపేరు అంగడిలో చేరిపోయాడు. మధ్యాహ్నాలు ఒక్కణ్ణే తినలేక అన్నం సగం పారేసేవాణ్ణి. దానికీ అతన్నే తిట్టుకున్నాను.

కొన్నాళ్లకు, సిగ్నల్ ఆకారాన్ని తెరమీద చూపే ఆసిలోస్కోప్ ఎరువు తెచ్చి చూశాను. పల్సు కేబుల్ చివరికి పోయి, పొలానికి పారే మడవ మూసిన కాలవలో నీళ్లలా వెనక్కి తన్నుతోంది. ఆ తన్నులను చిప్ కొత్త పల్సులనుకుంటోంది. కేబుల్ ఇంపిడెన్స్, అంటే పల్సుకు అది చూపే నిరోధం, యాభై ఓములు. చివర కూడా అంతే ఉంటే వెనక్కి రావడానికి ఏమీ మిగలదు. సగమైన వోల్టేజీకి జనరేటర్ నాబ్ పెంచుకుంటే చాలు. రెసిస్టర్ పెట్టి, పెంచాను. వందకు వంద వచ్చింది. సంతోషం రాలేదు, సిగ్గేసింది.

మర్నాడే కుప్పం బస్సెక్కాను. అంగట్లో అతను ఒక పాత రేడియో విప్పుకుని కూర్చున్నాడు.

"తప్పు నాదేనప్పా. నాబ్ పెంచుంటే సరిపోయేది," అన్నాను.

"నాకు ఆ పొద్దే తెలుసప్పా."

"మరి యాల చెప్పలే?"

"సెప్పేదానికే నోరు తెరిసినా. నువ్వు నా పక్క సూడ్లేదు."

టీ తెప్పించాడు. నేను తాగేదాకా ఆగి, మళ్లీ రేడియో మీదికి తల వంచాడు. తిరిగి రమ్మని అడుగుదామనే అంత దూరం వెళ్లాను. అడగలేదు.