ఖలాస్ అన్న పాపానికి

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగిన ఆగస్టు అది. అక్కడి రిగ్గై పేటలో కార్ల కరెంటు పని చేసే నేను, నా పాత కారులో మూటలు సర్దుకొని మన దేశం చేరేందుకు జోర్డాన్ దారి పట్టబోతాంటి. అంతలో ఒక సిపాయి, ఎవరి ఇంట్లో దోచుకొచ్చిందో ఏమో, ఒక వ్యాను తెచ్చి షాపు ముందర నిలిపినాడు. బ్యాటరీ కుతకుత ఉడుకుతాంది.

తప్పు కటౌట్‌ది. రెగ్యులేటర్‌ను మా కడప మెకానిక్కులు అట్లే అంటారు. ఇంజను జోరందుకునే కొద్దీ ఆల్టర్నేటర్ కరెంటు పెంచుతాంటాది. మితి మీరంగానే కటౌట్‌లోని తీగచుట్ట అయస్కాంతమై రెండు పాయింట్లను విడదీస్తాది, తగ్గంగానే మళ్లీ కలవనిస్తాది. ఈ వ్యానులో పాయింట్లు అతుక్కుపోయినాయి. ఇంక కరెంటును ఆపేదెవరు?

పాయింట్లు విడదీసి, ఉప్పుకాగితంతో రుద్ది, మూత బిగించి, కటౌట్ చూపించి "ఖలాస్" అన్యా. పని అయిపోయిందని నా అర్థం. కువైట్‌లో మాకు పని ముగిసినా ఖలాసే, సామాను చచ్చినా ఖలాసే. వాడు చచ్చిందనుకున్యాడు. దాన్ని పెరికి కింద పారేసి, బూటుకాలితో తొక్కి పిప్పి చేసినాడు. బాగైందిరా నాయనా అని నాకొచ్చిన అరబ్బీలో మొత్తుకున్యా. వింటేనా, వాని నోట్లో మన్ను పడ! తుపాకీతో నా కారు చూపించినాడు.

నా కారు కటౌట్ ఊడదీసి, నా చేతులతోనే వాని వ్యానుకు బిగించినా.

"ఖలాస్?" అని అడిగినాడు.

మూటలతో నిండిన నా కారు వైపు చూసి, "ఖలాస్" అన్యా.