జమున గోలీలు, మా వాడ దిగులు

మనిషికి జబ్బు తగ్గుతుంటే ఏడ్చే వాడకట్టును ఎక్కడైనా చూశారా? మెట్‌పల్లిలో మా వాడకు రండి, చూపిస్తాను.

జమున మా పక్కింటి పిల్ల, బీడీలు చుట్టేది. రెండేళ్ల కిందట ఎదురుగా ఎవరూ లేకున్నా మాట్లాడటం మొదలుపెట్టింది. నిద్ర లేదు, తిండి లేదు. దవాఖానకు తీసుకెళ్లాల్సింది పోయి, మా పెద్దలు ముఖానికి పసుపు రాసి పోచమ్మ పూనిందన్నారు. ఇక చూడండి దర్జా! బిడ్డ పెళ్లెప్పుడని ఒకరు, తప్పిపోయిన బర్రె ఎటు పోయిందని ఒకరు వచ్చి కాళ్ల మీద పడ్డారు. తల్లి బుచ్చవ్వ గడపలో కూర్చుని కొబ్బరికాయలు అందుకునేది.

నిరుడు బోనాల నాడు జమున ఉన్నట్టుండి బావి వైపు పరుగెత్తింది. అమ్మవారు స్నానం అడుగుతోందట! డప్పులతో సహా వెంటపడి, ఒడ్డున పట్టుకుని బిందెల కొద్దీ నీళ్లు కుమ్మరించారు. ఎంత తెలివో!

చివరికి ఆశా కార్యకర్త రమ బుచ్చవ్వతో కొట్లాడి, జమునను కరీంనగర్ తీసుకెళ్లింది. డాక్టరు స్కిజోఫ్రీనియా అన్నాడు. లేని గొంతులు నిజంగా ఉన్నట్టే వినిపిస్తాయట. దయ్యమూ కాదు, దేవతా కాదు, మెదడుకొచ్చిన జబ్బు, మందుగోలీలు మానకూడదన్నాడు. మెల్లగా గొంతులు తగ్గాయి. బీడీల చాట మళ్లీ ఒళ్లోకి వచ్చింది.

మళ్లీ బోనాలొచ్చాయి. కులపెద్ద హనుమండ్లు జమున ఇంటికి దిగాడు. నేనక్కడే కూర్చుని ఉన్నాను.

"బిడ్డా, పండుగ అయ్యేదాంక జర గోలీలు బంద్ జెయ్యరాదు? అమ్మ పలుకుతలేదని వాడంత పరేషాన్ల ఉన్నది."

"నాలుగు దినాలే గదనే," అంది బుచ్చవ్వ కూడా. నాకు ఒళ్లు మండిపోయింది.

జమున చేతిలోని బీడీ ఆకు కింద పెట్టింది.

"మామా, నిరుడు బాయి దిక్కు ఎందుకురికిన్నో ఎరుకేనా?"

"అమ్మకు తానం గావాలెనని..."

"ఊరంత అచ్చి మీ సంగతులు అడిగిన్రు. నాకేం ఇనవడుతుందో ఒక్కలన్న అడిగిన్రా? బాయిల దుంకు, దుంకు అన్నది గా గొంతు. దుంకుదమనే ఉరికిన."

బుచ్చవ్వ లోపలికి వెళ్లి, ఏడుస్తూనే గోలీ, గ్లాసెడు నీళ్లు తెచ్చి బిడ్డ చేతికిచ్చింది.

"ఇగ నువ్వు నడువు హనుమండ్లూ," అంది. "నా బిడ్డ పండుకోవాలె."