నానమ్మ లేచిపోతానన్న ఆదివారం

నా చిన్నప్పుడు మా ఊళ్లో ఎవరూ ఎవరికీ థ్యాంక్స్ చెప్పేవారు కాదు. అంతమాత్రాన మర్యాద తెలియని ఊరనుకోకండి. మంచినీళ్లడిగితే మజ్జిగ ఇచ్చేవారు. కూర అడిగితే కూర ఇచ్చి, గిన్నె సంగతి కూడా మరిచిపోయేవారు. పుచ్చుకున్నవాళ్లు మాత్రం "ఉప్పు తక్కువైనాదే" అని ఒక మాటనేసి గిన్నె ఖాళీ చేసేవారు. మా ఊళ్లో కృతజ్ఞత అంటే అదే.

చిన్నప్పుడంటే మరీ రాజుల కాలం కాదు. రెండు వేల పది దాటిన కొత్త. ఫోన్లకు ఇంకా బటన్లుండేవి. ఇప్పుడు నేను ఇంటర్ పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. బటన్ల ఫోను అనగానే వాళ్లు నన్ను ముసలమ్మ కింద జమకట్టేస్తారు కాబట్టి, ఆ హోదాలోనే ఈ సంగతి చెబుతున్నాను.

మాది నౌపడకు దగ్గర్లో ఒక చిన్న ఊరు. ఒకవైపు సముద్రం, రెండోవైపు ఉప్పు మళ్లు. చుట్టూ ఉప్పే పెట్టుకుని కూరలో ఉప్పు గురించి పోట్లాడుకునే ఊరు. మా నానమ్మ చేపలమ్మేది. తెల్లారకముందే ఒడ్డుకు వెళ్లి చేపలు కొని, ఇంటికి తెచ్చి కడిగి, గంపకెత్తుకుని నౌపడ బజారుకు నడిచేది. నిండు గంపను ఎవరికి వారు తల మీదికి ఎత్తుకోలేరు. అవతలి పక్క ఇంకో రెండు చేతులుండాలి. ఆ చేతులు పక్కింటి పిన్నివి.

పక్కింటి వాళ్లది బాప్టిస్టు చర్చి. పిన్ని రోజూ వేకువనే ప్రార్థన చేసుకునేది. ప్రార్థన అయ్యాక గంప దగ్గరికి వచ్చేదో, గంప కోసమే ప్రార్థన ముగించేదో నాకు తెలియదు. నానమ్మ తల మీద గుడ్డ చుట్ట పెట్టుకుని వంగేది. పిన్ని వచ్చి అటువైపు పట్టేది. "ఊఁ" అని ఇద్దరూ ఒకేసారి ఎత్తేవారు. నానమ్మ అటు, పిన్ని ఇటు. ఆ "ఊఁ" తప్ప వాళ్ల మధ్య ఇంకో మాట పుట్టగా నేను వినలేదు.

పిన్ని కూతురే పక్కింటి అక్క. టెక్కలిలో డిగ్రీ రెండో సంవత్సరం. మా వీధి నుంచి కాలేజీ మెట్లెక్కిన మొదటి ఆడపిల్ల. ఆవిడ వెళ్లాల్సిన ఆటో పొద్దున్న ఏడున్నరకు రోడ్డు మీదికి వస్తుంది. ఎవరి కోసమూ ఆగదు. అక్క ఏ రోజూ ఏడున్నరకు తయారవదు. ఈ రెంటికీ మధ్య నేనుండేదాన్ని. ముందే పరిగెత్తి, ఒక కాలు ఆటోలో, ఒక కాలు నేల మీద పెట్టి నిలబడేదాన్ని. పిల్ల కాలు లోపలుంటే ఏ డ్రైవరూ బండి లాగలేడు. "ఒలే గుంటా, కాలు తియ్యే, టైమైపోతన్నాది!" అని ఆటో మావ అరిచేవాడు. "మా అక్క వస్తన్నాది, ఉండు మావా" అనేదాన్ని. అక్క జడ అల్లుకుంటూ పరిగెత్తుకొచ్చి ఎక్కేది. నేను కాలు తీసేదాన్ని. ఈ ఉద్యోగంలో నేను ఒక్క రోజు కూడా సెలవు పెట్టలేదు.

ఆ సంవత్సరం అక్క కాలేజీకి కొత్తగా ఒక ఇంగ్లీషు మేడం వచ్చింది. ఆవిడ పిల్లలకు ఒక పని పెట్టింది. వారం పాటు రోజుకొకటి చొప్పున, మనం పట్టించుకోని మామూలు సంగతి ఒకటి వెతకాలి. దాని గురించి ఇంగ్లీషులో రాయాలి. దానికి కారణమైన మనిషి ఎదురుగా నిలబడి థ్యాంక్స్ చెప్పాలి. ఇది కాలేజీ పని అని మాత్రం ముందుగా చెప్పకూడదు. చెబితే అందులో నిజం పోతుందట. వచ్చే సోమవారం క్లాసులో లేచి మాట్లాడాలి. ఆ మేడం ఏ ఊరావిడో గానీ, మా జిల్లాకు కొత్త అని మాత్రం చెప్పగలను.

సోమవారం అక్క వాళ్లమ్మ ముందు నిలబడి, రోజూ క్యారేజీ కడుతున్నందుకు థ్యాంక్స్ అంది. పిన్ని గరిటె కింద పెట్టి కూతురి నుదురు తాకి చూసింది. జ్వరం లేదు. అదే ఇంకా భయపెట్టింది. మంగళవారం మా నానమ్మ వంతు. వీధి కుళాయి దగ్గర తన వంతు అక్కకు ఇచ్చేస్తుందని థ్యాంక్స్. నానమ్మ బిందె పక్కన పెట్టి, "ఏటే, నాను సస్తానని ఎవులైనా సెప్పినారేటి?" అని అడిగింది. బుధవారం కొట్టు తాతకు, రోజూ పేపరు చదవనిస్తున్నందుకు. ఆయన కంగారుపడి పేపరు మడిచి లోపల దాచుకున్నాడు. గురువారం వాళ్ల నాన్నకు. ఉప్పు మళ్లలో పగలంతా పనిచేసి కూడా, సాయంత్రం ఆటో వచ్చేదాకా రోడ్డు మీద నిలబడి ఉంటున్నందుకు. బాబాయి అన్నం తింటున్నవాడు తింటున్నట్టే ఆగిపోయి, చెయ్యి కడిగేసుకుని బయటికి వెళ్లిపోయాడు. శుక్రవారం ఆటో మావకు.

ఇవన్నీ నేను లెక్క పెట్టుకుంటూనే ఉన్నాను. తల్లికి, తండ్రికి, కుళాయికి, పేపరుకు, చివరికి కాలు తియ్యమని తిట్టే ఆటో మావకు కూడా థ్యాంక్స్ అందింది. కాలు పెట్టిన నాకు మాత్రం అందలేదు. పదేళ్ల వయసులో ఇంతకంటే పెద్ద అన్యాయం జరిగే వీల్లేదు.

అందుకని శుక్రవారం బడి నుంచి రాగానే, చాటలో బియ్యం ఏరుకుంటున్న పిన్ని దగ్గరికి వెళ్లాను. "పిన్నీ, అక్క అందరికీ తేంక్సులు సెప్తన్నాది. ఆటో మావకి కూడా సెప్పినాది. మీరు లేకపోతే నానేటైపోదునో అని ఏడిసినాది" అన్నాను. ఏడవలేదు. ఆ ఉప్పు నేను వేసింది.

పిన్ని చేతిలో చాట ఆగిపోయింది. అరుగు మీద కూర్చున్న ఎదురింటి పెద్దమ్మ మాత్రం ఆగలేదు. "ఓలమ్మో! ఆడపిల్ల ఊరందరికీ ఒకేపాలి అలగ ఎప్పుడు సెప్తాదే? అత్తోరింటికి ఎల్లినప్పుడు సెప్తాది. పెల్లి లేకుండా అప్పగింతలు సేసుకుంటన్నాదే నీ కూతురు! లెగిసిపోతాదే, సూసుకో!" అంది.

అంతే. మా ఊళ్లో ఒక మాట వీధి ఆ చివరికి వెళ్లడానికి ఆటో అక్కర్లేదు.

ఆ రాత్రే అక్కను నిలబెట్టి అడిగారు. అది కాలేజీ పని అని అక్క చెప్పింది. "కాలేజీలో పాటాలు సెప్తారు గానీ తేంక్సులు సెప్పమంటారేటి? దేవుడికి సెప్తాం గానీ మనుసులకి సెప్తామేటి?" అని పిన్ని ఏడ్చింది. అక్క నోటుబుక్కు తెచ్చి చూపించింది. అంతా ఇంగ్లీషు. పిన్ని తెలుగు బైబిలు గడగడా చదువుతుంది గానీ ఇంగ్లీషు రాదు. బాబాయికి ఏదీ రాదు. అక్క చదివి చెబితే నమ్మరు. అప్పుడు వీధిలో ఇంగ్లీషు మీడియం చదివే ఏకైక మేధావినైన నన్ను పిలిపించారు.

నేను పుస్తకం పట్టుకుని గొంతు సవరించుకున్నాను. మొదటి పేజీ అంతా వెతికాను. అందులో నాకు చదవడం వచ్చిన మాట ఒక్కటే కనిపించింది. వేలు పెట్టి గట్టిగా చదివాను.

"లవ్."

అక్క రాసుకున్నది క్యారేజీ మూత తీయగానే వచ్చే వాసన తనకెంత ఇష్టమో. ఆ సంగతి నాకు ఎన్నో ఏళ్ల తర్వాత తెలిసింది. ఆ క్షణంలో మాత్రం పిన్ని గోడకు చేరగిలబడిపోయింది. బాబాయి లేచి, అక్క కాలేజీ సంచీ తీసుకెళ్లి బియ్యం డ్రమ్ములో పెట్టి మూత వేశాడు. "సోమారం నుంచి కాలేజీ లేదు" అన్నాడు. ఆయన అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. అక్క నా వైపు చూసింది. తిట్టలేదు. అదీ బాగుండలేదు.

శనివారం ఎదురింటి పెద్దమ్మ కంచిలిలో ఉన్న ఒక సంబంధం గురించి చెప్పడం మొదలుపెట్టింది. ఒక్క థ్యాంక్స్ నాకు రానందుకు అక్క చదువు పోయి, పెళ్లి దాకా వచ్చింది. సాయంత్రం నానమ్మ చేపల గంప కడుగుతుంటే పక్కన కూర్చుని అంతా చెప్పేశాను. ఏడుపు నేను కలిపిందేనని కూడా చెప్పాను. కొడుతుందనుకున్నాను. నానమ్మ గంప బోర్లించి, "ఏటే ఆ మాట? మల్లీ సెప్పు" అంది. థ్యాంక్స్ అన్నాను. రెండు మూడు సార్లు నోట్లో తిప్పుకుంది. "తేంక్సు" అంది. "పర్నేదు. నోరు తిరగతన్నాది."

ఆదివారం చర్చి వదిలారు. అందరూ ఇళ్ల దగ్గరే ఉన్నారు. నానమ్మ పండగ చీర కట్టుకుని వీధిలోకి దిగింది. నేను వెనకాలే నడిచాను. మొదట ఎదురింటి అరుగు ముందు ఆగింది.

"ఒలే, మా ఇంట్లో ఏటి వొండినానో రోజూ అడగతావు సూడు, దానికి తేంక్సే. నువ్వడగతావనే నాను వొండతన్నాను" అంది.

పెద్దమ్మ నోరు తెరిచి, మూయడం మరిచిపోయింది. అక్కణ్ణుంచి కొట్టు దగ్గరికి వెళ్లి, "నీ కొట్టు అరుగు మీద కూకోనిస్తావు, తేంక్సు" అంది. తాత లేచి నిలబడ్డాడు. ఆటో తుడుచుకుంటున్న ఆటో మావకు, "నా మనవరాలి కాలు ఇరగ్గొట్టలేదు, తేంక్సు" అని చెప్పింది. అప్పటికి మా వెనక సగం వీధి పోగైంది. "ముసిల్దానికి ఏటైనాది? గాలి సోకినాదా?" అని ఎవరో అన్నారు.

నానమ్మ వీధి మధ్యలో ఆగి, నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"నాకేటీ అవలేదు. నాను లెగిసిపోతన్నాను. తేంక్సు సెప్పినోల్లు లెగిసిపోతారంట కదా, మొన్న మీరందరూ తేల్సినారు. ఎవుల్తో అన్నది ఇంకా సూసుకోలేదు. ఒరే, ఆటో ఖాళీగున్నాదేటి?"

వీధి వీధంతా నవ్వింది. డెబ్బై ఏళ్ల మనిషి లేచిపోవడానికి ఆటో బేరం చేస్తుంటే ఎవరు మాత్రం ఆపుకుంటారు! పెద్దమ్మ ఒక్కతే లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది. ఆ నవ్వులతోనే అందరం పక్కింటి గడప ముందుకు వచ్చాం. పిన్ని, బాబాయి బయటికి వచ్చారు. కిటికీలో అక్క కనిపించింది. నానమ్మ ఇంకో వేళాకోళం సిద్ధం చేసుకుందని నడకను బట్టే నాకు అర్థమైంది.

"నీకూ ఉన్నాదే తేంక్సు," అంది పిన్నితో. "రోజూ నా గంప ఎత్తుతావు..."

అక్కడ ఆగిపోయింది. మేమందరం నవ్వడానికి ఎదురుచూస్తున్నాం. నవ్వు రావాల్సిన చోట ఏమీ రాలేదు. ఆవిడకు మాట తట్టకపోవడం మా ఊరు ఎప్పుడూ చూడలేదు. నేనైతే నిజంగానే ఏదో అయిందనుకుని చీర కొంగు పట్టుకున్నాను.

"మీ మావ ఉన్నప్పుడు ఆడు ఎత్తేవోడు," అంది చివరికి, మా తాతను తలుచుకుని, చాలా చిన్నగా. "ఆడు పోనాక మొదటిరోజు గంప నింపుకుని మా గుమ్మంలోనే కూకున్నాను. ఎలగ ఎత్తుకోవాలో తెలీలేదు. ఎవుల్నీ పిలవబుద్ధి కాలేదు. నాను పిలవలేదు. నువ్వే వొచ్చినావు. నువ్వు రాకపోతే ఆ గంప అక్కడే ఉండిపోయేది. నానూ ఉండిపోదును."

పిన్ని రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. "అదేటి అత్తా, దేవుడికి సెప్పాల గానీ..."

"దేవుడికి నువ్వు సెప్పు, నీకు అలవాటు. గంప పట్టుకున్నది నువ్వు." నానమ్మ కొంగుతో మొహం తుడుచుకుని మళ్లీ మామూలు గొంతు తెచ్చుకుంది. "ఇన్నేల్లుగా ఆ మాట నా కడుపులో ఉన్నాది. పేరు తెలీక ఒగ్గేసినాను. నీ కూతురు సదూకుని ఆ పేరు తెచ్చినాది. ఇంకేటేటి తెస్తాదో తేనీ. బేగి ఆ సంచీ ఇచ్చేయండి."

బాబాయి లోపలికి వెళ్లాడు. డ్రమ్ము మూత తీసిన చప్పుడు బయటికి వినిపించింది. సంచీ తెచ్చి, కిటికీ దగ్గరున్న అక్కకు అందించాడు. దాని మడతల్లోంచి గడప మీద బియ్యం గింజలు రాలాయి. పిన్ని ఏడుస్తూనే వంగి వాటిని ఒక్కొక్కటీ ఏరింది.

ఆ సాయంత్రం అక్క నన్ను రోడ్డు దగ్గరికి పిలిచింది. ఇప్పుడు పడతాయనుకుని రెండు చెంపలూ సిద్ధం చేసుకుని వెళ్లాను. అక్క నోటుబుక్కు తెరిచి, ఏడో పేజీ తెలుగులో చెప్పింది. ఒక కాలు ఆటోలో, ఒక కాలు నేల మీద పెట్టి, తిట్లు తింటూ రోజూ తన కోసం ఆటోను ఆపే పిల్ల గురించి. ఆ పిల్ల కాలు లేకపోతే మొదటి సంవత్సరమే తను కాలేజీ మానేసేదట. అన్నిటికంటే పెద్దదని చివరి రోజుకు దాచుకుందట.

"ఇది గురువారమే రాసీసేను," అంది. "నువ్వే సెప్పినావని తెలిసినాక కొట్టేద్దారని పెన్ను తీసేను. సెయ్యి రాలేదు. థ్యాంక్సే."

ఆ మాట కోసం వారమంతా కుళ్లిపోయినదాన్ని, అది వచ్చాక ఏం చెయ్యాలో నాకు తెలియలేదు. బదులేమనాలో మా ఊళ్లో ఎవరూ నేర్పలేదు కదా. "ఉప్పు తక్కువైనాదే" అనబోయి, అది ఇక్కడ కుదరదని తోచి, ఇంటికి పరిగెత్తాను.

మర్నాడు వేకువనే లేచి తలుపు సందులోంచి చూశాను. నిన్న అంత జరిగింది కాబట్టి ఈ రోజు ఇద్దరూ ఏదో ఒకటి మాట్లాడుకుంటారని నా ఆశ. పిన్ని వచ్చింది. అటువైపు పట్టింది. "ఊఁ" అన్నారు. గంప లేచింది. పిన్ని ఇటు తిరిగింది, నానమ్మ అటు నడిచింది. నాలుగడుగులు వేసి ఆగింది. తల మీద గంపున్న మనిషి మెడ ఒక్కటే తిప్పి వెనక్కి చూడలేదు. చూడాలంటే కాళ్లు, నడుము, గంప, మొత్తం మనిషి తిరగాలి. నానమ్మ అలాగే నెమ్మదిగా, ఒక్క చేప జారకుండా తిరిగింది. పిన్ని గుమ్మంలోకి వెళ్లేదాకా చూసింది. మళ్లీ అంత నెమ్మదిగానూ అటు తిరిగి నౌపడ దారి పట్టింది. ఆ మాట మాత్రం ఇంకెప్పుడూ ఆవిడ నోట నేను వినలేదు.

ఏడున్నరకు నేను ఆటోలో కాలు పెట్టాను. అక్క ఆ రోజు కూడా ఆలస్యమే.

ఇప్పుడు నేను రోజుకు ఎన్ని థ్యాంక్స్‌లు చెబుతానో నాకే తెలియదు. దుకాణంలో, బస్సులో, ఫోనులో, అవతలి మనిషి ముఖం చూడకుండానే నోటి నుంచి రాలిపోతుంటాయి. కానీ ఎవరైనా నిజంగా నా బరువుకు అటువైపు చెయ్యి వేసిన రోజున, నాలుగడుగులు వేశాక నా కాళ్లు వాటంతటవే ఆగుతాయి. తల మీద ఏమీ లేకపోయినా, మెడ ఒక్కటే తిప్పను. మొత్తం మనిషిని తిరుగుతాను.